మంచం కింద యాక్సిల్ రాడ్డు

ఇవాళ పాల్వంచ షెడ్డులో ఒక జీపుకి వెనక యాక్సిల్ రాడ్లు లాగి, డిఫరెన్షియల్ దించుతున్నారు. ఆ గేరాయిల్ వాసనకి నేను షెడ్డు బయటికొచ్చేశాను.

మా అడవి పల్లెల దోస్తులారా, రెండువేల దశకం తొలినాళ్ల ఆ భయం గుర్తుందా? నక్సలైట్లెవరైనా మా జీపుని అడవిలోకి తోలుకుపోతారని నాయన రోజూ పొద్దుగూకే వేళకి జీపు కదలకుండా యాక్సిల్ రాడ్డు ఒకటి తీసి, గోనెపట్టాలో చుట్టి నా మంచం కింద పెట్టేవాడు.

ఒక సాయంత్రం అలా రాడ్డు తీశాక తమ్ముణ్ని పాము కరిచింది. దవాఖానాకి పోదామని దాన్ని మళ్లీ బిగిస్తుంటే నాయన చేతుల్లోంచి నట్లు జారిపోతున్నాయి.

"జల్దీ బిగియ్యయ్యా, పిలగాడు కండ్లు మూస్తుండు!" అని అమ్మ అరుస్తూనే ఉంది.

దవాఖానాకి చేరేసరికి తమ్ముడు లేడు.

మంచం కింద అమ్మ ఎన్నిసార్లు అలికినా ఆ వాసన పోలేదు. నాయన మళ్లీ రాడ్డు తీయలేదు. తాళంచెవి కూడా జీపులోనే వదిలేసేవాడు.

"ఎవలన్న తీస్కపోతరు నాయనా," అన్నానొకసారి.

"తీస్కపోనీ బిడ్డా."