అందరూ ఒప్పుకున్న ఆదివారం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నం ఉడికితే సరిపోయేది కాదు, మాట కూడా కుదరాలి. మాట కుదిరితేనే మా తాతయ్య ప్రార్థన మొదలుపెట్టేవాడు. ప్రార్థన అయి అందరం ఆమెన్ అంటేనే కంచాల్లోకి కూడు వచ్చేది. చెన్నూరు దగ్గర గోదావరి ఒడ్డున చిన్న ఊరు మాది. మిషన్ వాళ్ల చర్చికి పోయే వ్యవసాయదారులం. ఇంట్లో తాతయ్య, బాపు, మేం అవ్వ అని పిలిచే మా అమ్మ, చిన్నబాపు, చిన్నమ్మ, వాళ్ల ఐదేళ్ల కొడుకు, నేను.

ఎడ్లను మార్చాలన్నా, చెలకలో జొన్న వేయాలా పత్తి వేయాలా అన్నా, ఆదివారం చర్చి నుంచి వచ్చాక అందరం అరుగు మీద కూర్చోవాల్సిందే. తాతయ్య పద్ధతిని ఊరంతా మెచ్చుకునేది. ముందు అందరికన్నా చిన్నవాళ్లను అడిగేవాడు, తన మాట చిట్టచివర చెప్పేవాడు. పెద్దోడు ముందుగాల మాట్లాడితే చిన్నోళ్ల మాట కడుపులనే ఉంటది అనేవాడు. ఒక్కరు కాదన్నా ప్రార్థన మొదలయ్యేది కాదు. నాకు ఏడేళ్లప్పుడు బర్రెను అమ్మొద్దని మొండికేస్తే, సంతకు పోవాల్సిన బర్రె కొట్టంలోనే ఉండిపోయింది. ఆ తర్వాత నెల రోజులు నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు.

తాతయ్యకు నేనంటే ప్రాణం అని ఊరంతా అనేది, నేనూ అదే అనుకునేదాన్ని. ఆయన కళ్లకు పొరలు వచ్చాయి. బాపుకీ చిన్నబాపుకీ సంతకం పెట్టడం తప్ప చదవడం రాదు, అవ్వకూ చిన్నమ్మకూ అదీ రాదు. అందుకని రోజూ పొద్దున్నే ఆయన పక్కన కూర్చుని నేనే బైబిల్ చదివి వినిపించేదాన్ని. నేను తప్పు పలికితే దిద్దేవాడు, బాగా చదివితే చర్చికి వచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేవాడు.

నేను ఐదో తరగతి పాసయ్యాను. మా ఊళ్లో బడి అంతవరకే. కరీంనగర్‌లో మిషన్ వాళ్ల ఆడపిల్లల హాస్టల్లో ఒక సీటు ఉందనీ, సోమవారంలోగా పేరు ఇస్తే పడవలో గోదావరి దాటించి తానే తీసుకుపోతాననీ మా చర్చి అయ్యగారు చెప్పారు. ఆ వారమంతా నాకు నిద్ర లేదు. నా తల దువ్వుతూ చిన్నమ్మ, నువ్వేం ఫికర్ చెయ్యకు, నేను మాట్లాడుత గద అంది. చిన్నమ్మ మాట్లాడితే చిన్నబాపు కాదనడు. బాపు మెత్తని మనిషి. అవ్వ అప్పటికే నా గౌన్లు రెండు ఉతికి మడతపెట్టింది. తాతయ్య సంగతి ఆలోచించనే లేదు, ఆయన నావాడే కదా.

ఆదివారం వచ్చింది. కోడికూర పొయ్యి దిగింది, వాసన అరుగు దాకా వస్తోంది. తాతయ్య ముందుగా చిన్నమ్మ కొడుకును అడిగాడు. వాడు నిలబడి, చేతులు కట్టుకుని, ఆదివారం బడిలో వాక్యం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"ఏరు దాటి పొయ్యేది. దూరం. వచ్చే ఏడు సూద్దాం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత నా వంతు. నేను చదువుకుంటా, పోతా అన్నాను. ఇంకా చాలా అనాలనుకున్నా అదే నోట్లోంచి వచ్చింది. తర్వాత చిన్నమ్మ. ఆమె తల వంచుకుని, కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ అంది, ఏరు దాటి పొయ్యేది, దూరం, వచ్చే ఏడు సూద్దామని. తర్వాత అవ్వ అదే మాట. చిన్నబాపు అదే మాట. బాపు గొంతు సవరించుకుని అదే మాట. పిల్లవాడు చెప్పింది పిల్లవాడి మాట కాదని అప్పుడు అర్థమైంది.

అందరిది ఒక్కటే మాట అయింది బిడ్డా, ఇంట్ల ఒక్కలు వేరుగ ఉండద్దు, నువ్వు గూడ కలువు అన్నాడు తాతయ్య. కోప్పడలేదు, బెదిరించలేదు. కళ్లు మూసుకుని, చేతులు జోడించుకుని, నేను ఒప్పుకునేదాకా ప్రార్థన మొదలుపెట్టకుండా కూర్చున్నాడు. కూర చల్లారిపోయింది. పిల్లవాడు ఆకలని ఏడుపు అందుకున్నాడు. పొద్దున ఏమీ తినకుండా చర్చికి పోయిన వాళ్లు అందరూ. ఎవరూ నా వైపు చూడలేదు. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. చివరికి సరే అన్నాను. తాతయ్య ప్రార్థన చేశాడు, నేను ఆమెన్ అన్నాను. ఆ రోజు కోడికూర కూడా తిన్నాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

సోమవారం పోయింది, సీటు వేరే పిల్లకు పోయింది. బుధవారమో గురువారమో పెరట్లో అవ్వా చిన్నమ్మా మక్కలు ఒలుస్తున్నారు. నేను పక్కనే ఉన్నాను, వాళ్లతో మాట్లాడటం మానేసి నాలుగు రోజులైంది. నా మౌనం భరించలేక కాబోలు, చిన్నమ్మ అవ్వ మీద విరుచుకుపడింది.

"కన్నతల్లివి నువ్వే ఒప్పుకున్నంక నేనెట్ల కాదంట అక్కా?"

"నేను ముందుగాల ఎప్పుడు ఒప్పుకున్న? మీరందరు ఒప్పుకున్నరు, నువ్వొక్కదానివే మిగిలినవని మామ జెప్పిండు."

"నాకూ గట్లనే జెప్పిండు."

అవ్వ చేతిలోని కంకి అట్లాగే ఉండిపోయింది. సాయంత్రం బాపునూ చిన్నబాపునూ అడిగారు. వాళ్లకూ అదే మాట. శనివారం నాడు తాతయ్య ఒక్కొక్కరి దగ్గరికీ విడివిడిగా పోయి, అందరూ ఒప్పుకున్నారు, ఇక మిగిలింది నువ్వే అని చెప్పాడు. ఏ మాట అనాలో కూడా నేర్పాడు. మా ఇంట్లో నన్ను పంపొద్దనుకున్న మనిషి ఒక్కడే. మిగతా అందరూ, లేని అందరికీ భయపడి ఒప్పుకున్నారు.

సరే, అది తెలిసింది కదా, పోయి అడుగుతారనుకున్నాను. ఎవరూ అడగలేదు. ఇగ ఊకో బిడ్డా, అయిపాయె గద, పెద్దాయన పరేషాన్ అయితడు అన్నాడు బాపు. తాతయ్య చేసిన దానికన్నా ఆ మాటే నన్ను ఎక్కువ కోసింది. ముసలాయన నన్ను మోసం చేశాడు, వీళ్లు తెలిసి కూడా వదిలేశారు. మళ్లీ ఏడాది నా చదువు మాట అరుగు మీదికి రాలేదు. నాకు అడిగే మొహమూ లేదు, నేనూ సరే అన్నదాన్నే కదా.

తాతయ్య ఎందుకట్లా చేశాడో నాకు తెలుసు. నేను పోతే ఆయనకు చదివి వినిపించేవాళ్లు లేరు. ఆ మాట ఆయన ఎప్పుడూ బయటకు చెప్పలేదు. నాకోసం ఉండవా బిడ్డా అని ఒక్కసారి అడిగి ఉంటే నేనే ఉండేదాన్నేమో. ఆ తర్వాత ఆరేళ్లు, ఆయన పోయేదాకా, రోజూ చదివి వినిపించాను. మొదట్లో కోపంతో మధ్యలో పేజీలు ఎగరగొట్టేదాన్ని. ఆయనకు అధ్యాయాలన్నీ కంఠతా వచ్చు, తెలియకుండా ఉండదు. ఒక్కసారి కూడా దిద్దలేదు. ఆయన సమాధి దగ్గర అందరూ ఇంటిని ఒక్క మాట మీద నడిపిన మనిషి అన్నారు. నేను అనలేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. మా ఊరి మహిళా సంఘంలో నేను సతాయించే మనిషినని పేరు. తీర్మానం పుస్తకం తెచ్చి, అందరు పెట్టిన్రు, నువ్వొక్కదానివే మిగిలినవు అంటే చాలు, సంతకం ఆపేసి చెప్పులు వేసుకుంటాను. ఒక్కొక్క గడపకూ పోయి, నీకు నిజంగా ఇష్టమేనా అని అడుగుతాను. నాలుగు ఇళ్లు తిరిగేసరికి ఎవరో ఒకరు తలుపు దగ్గరగా వేసి, నాకు ఇష్టం లేకుండె వదినె, మీరందరు ఒప్పుకున్నరన్నరు అంటారు. ముసలిదానికి పని లేదని నవ్వేవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. ఆ శనివారం మా ఇంట్లో ఎవరైనా ఒకరు పక్క గదిలోకి పోయి ఇంకొకరిని ఒక్క మాట అడిగి ఉంటే, నేను గోదావరి దాటేదాన్ని.