మెయిల్‌ను కూడా తిరగేసి చూసిన మా రాజేశం

నిన్న పొద్దున మన వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. "కోరుట్ల రాజేశం ఇక లేరు."

నమ్మలేదు.

నమ్మకపోవడం నాకు నేర్పింది రాజేశమే. ఎవరో పంపిన మెసేజ్ పట్టుకుని పోవద్దు, నీ దగ్గరున్న నంబర్‌కు నువ్వే చేసి కనుక్కో అనేవాడు. అందుకే వాళ్ల బిడ్డ స్వప్నకు ఫోన్ చేశాను.

"నిజమే పెద్దబాపు. చీరెలు మడత వెట్టుకుంట కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు."

తర్వాత ఆమె ఏం చెప్పిందో నాకు వినపడలేదు.

నేను జగిత్యాలలో ముప్పై ఏళ్లు ఇంగ్లిష్ చెప్పినవాణ్ని. మా ఇంట్లో మనిషి నడవడానికి దారి లేనన్ని పుస్తకాలు. రాజేశం చదివింది ఏడో తరగతి. కథలాపూర్ దగ్గర కల్లు గీసే ఇంట్లో పుట్టాడు. తాటిచెట్టు ఎక్కనని తండ్రితో కొట్లాడి సిరిసిల్ల పోయాడు. అక్కడ మరమగ్గాల మీద నేసిన బట్టలో తప్పులు వెతికే పని. ఇరవై ఏళ్లు అదే పని.

ఆ తర్వాత కోరుట్లలో చిన్న షాపు పెట్టి, బిడ్డతో కలిసి ఆన్‌లైన్‌లో చీరలు అమ్మాడు.

మా పరిచయం ఒక తువ్వాలతో మొదలైంది. నేను ఎంచుకున్న తువ్వాలను నా చేతిలోంచి లాక్కుని తిరగేశాడు.

"మొఖం అందరు మంచిగనే వెడ్తరు సారు. ఎన్కకు తిప్పి చూడున్రి."

వెనక పోగులు తెగి వేలాడుతున్నాయి. తన సరుకును తనే పక్కన పడేసిన దుకాణదారుణ్ని నేను మళ్లీ చూడలేదు.

మెయిల్‌ను కూడా అతను అట్లాగే చూశాడు.

ఒకరోజు నేను షాపులో ఉండగానే వచ్చింది. మీ పేమెంట్ అకౌంట్ ఆపేశాం, ఇక్కడ నొక్కి వివరాలు ఇవ్వండి అని. లోగో సరిగ్గా ఉంది, రంగు సరిగ్గా ఉంది. స్వప్న కంగారు పడింది. రాజేశం ఫోన్ తీసుకుని, పైన కంపెనీ పేరు ఉన్నచోట వేలు పెట్టాడు. ఆ పేరు వెనక ఉన్న అసలు అడ్రస్ బయటపడింది. కంపెనీకీ దానికీ ఏ సంబంధమూ లేదు.

"గిదీ దీని ఎన్క."

మెయిల్‌లోని లింకు ముట్టుకోలేదు. పేమెంట్ యాప్‌ను తనే విడిగా తెరిచి చూశాడు. అకౌంట్ బాగానే ఉంది. అప్పుడు ఆ మెయిల్‌ను కంపెనీ ఫిర్యాదుల అడ్రస్‌కు ఫార్వర్డ్ చేసి డిలీట్ చేశాడు.

ఫొటో తీసి పంపితే సరిపోదా అన్నాను.

"ముక్క కత్తిరించి పంపితే ఏం తెలుస్తది సారు? బట్ట తాను మొత్తం పోవాలె. ఏ మగ్గం మీద తప్పు వడ్డదో గప్పుడు దొరుకుతది."

"వాళ్లు చూస్తరంటవా?"

"చూస్తరో, చూడరో. నా చెకింగ్ నేను చెయ్యాలె గద."

ఇప్పుడు మీ అందరికీ తెలిసిన సంగతికి వస్తాను.

రెండేళ్ల కింద గ్రూపులో రాజేశం ఒక దొంగ మెయిల్ పెట్టి కింద రాశాడు: "నేను నొక్కిన. పైసలు పోయినయి. మీరు నొక్కకున్రి."

మీరు ఎంత నవ్వారో నాకు గుర్తుంది. "చెకింగ్ మాస్టర్‌కే చిల్లు వడ్డది" అన్నారు. క్లిక్కు రాజేశం అని పేరు పెట్టారు. నిన్న చితి దగ్గర కూడా మన గ్రూపులోని రిటైర్డ్ హెడ్మాస్టరు గారు వదల్లేదు. "పాపం, అందరికి చెప్పెటోడు, ఆయననే ముంచిన్రు."

నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

ఇప్పుడు తెరుస్తున్నాను.

రాజేశం నొక్కలేదు. నొక్కింది నేను.

పాత పుస్తకాలు తెప్పించుకోవడానికి నాకొక పేమెంట్ అకౌంట్ ఉంది. దాన్ని ఆపేస్తున్నామని మెయిల్ వచ్చింది. ఇంగ్లిష్‌లో ఒక్క తప్పు లేదు. జన్మంతా తప్పులు దిద్దినవాణ్ని, తప్పు లేదు గనక నమ్మాను. వెనక్కి తిప్పి చూడలేదు. పాస్‌వర్డ్ ఇచ్చాను.

డబ్బు పోతున్నట్టు మెసేజ్‌లు రాగానే రాజేశానికి ఫోన్ చేశాను. తిట్టలేదు.

"యాప్ మీరే తెరువున్రి సారు. పాస్‌వర్డ్ మార్చున్రి. ఎంటనే బ్యాంకుకు, సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్‌కు చెయ్యున్రి. నేను బస్సెక్కుతున్న."

పెన్షన్ డబ్బు కొంత పోయింది. అతని వల్ల మిగతాది ఆగింది.

వచ్చి, నా ఎదురుగా కూర్చుని అన్నాడు: "గ్రూపుల వెట్టున్రి సారు. గిదే మెయిల్ ఇయ్యాల ఇంకొకలకు అస్తది."

"ముప్పై ఏండ్లు ఇంగ్లిష్ చెప్పినోన్ని రాజేశం. గాళ్లకు మొఖమెట్ల చూపియ్యాలె?"

రాజేశం ఆ మెయిల్ తనకు పంపమని, తన ఫోన్ తీశాడు.

"సరే. నా మొఖం వెడ్త తియ్యున్రి."

గ్రూపులో పెట్టాక, ఆ సాయంత్రం మా ఇంట్లో ఉండగానే అతనికి మూడు ఫోన్లు వచ్చాయి. అదే మెయిల్ మాకూ వచ్చింది, ఎవరికీ చెప్పకు, ఏం చేయాలి అని. ముగ్గురికీ ఓపికగా చెప్పాడు. హెడ్మాస్టరు గారూ, ఆ ముగ్గురిలో మీ గొంతు నేను విన్నాను. తర్వాత గ్రూపులో గట్టిగా నవ్విందీ మీరే.

కానీ మిమ్మల్ని అనే అర్హత నాకెక్కడిది? ఆ రోజు మీ నవ్వుల మధ్య నేనూ ఒక నవ్వు బొమ్మ పెట్టాను. ఎవరికీ అనుమానం రాకూడదని.

రాజేశం అది చూశాడు. తర్వాతి వారం షాపుకు పోతే ఎప్పటిలాగే చాయ్ తెప్పించాడు. ఆ మాటే ఎత్తలేదు.

నేను చదివిన పుస్తకాల్లో గొప్పవాళ్లు చాలామంది ఉన్నారు. నా తప్పును తన పేరు మీద రాసుకున్నవాడు ఒక్కడే.

స్వప్నా, బిడ్డా, మీ బాపు ఎన్నడూ మోసపోలేదు. ఎవరన్నా అంటే ఈ పోస్ట్ చూపించు. పైన నా పేరు ఉంటుంది.

రాజేశం, రెండేళ్లు మోశావు. నాది నాకిచ్చెయ్.

ఇక నెమ్మదిగా పడుకో.