ఎచ్చెర్లలో వదిలేసిన విమానం పంకా

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ల మొహం మీదే నవ్వేసేదాన్ని. మునిమాపువేళ శ్మశానం గట్టు మీంచి ఒంటరిగా గడ్డిమోపు మోసుకొచ్చిన మనిషిని. ఇప్పటికీ దయ్యం ఉందని అనడం లేదు. జరిగింది మాత్రం రాస్తున్నాను.

మాది గజపతినగరం దగ్గర పల్లె. మా పశువులశాల గోడకు పాతకాలపు చెక్క పంకా ఒకటి ఉండేది. రెండే రెక్కలు, ఈ కొస నుంచి ఆ కొసకు నా ఎత్తు కంటే జానెడు ఎక్కువ పొడవు. నడుమ కన్నంలో ఇనుప కడ్డీ దూర్చి మామగారు దాన్ని గోడకు బిగించారు. గోగునార దాని బొడ్డుకు కట్టి, రెక్క పట్టి తిప్పితే తాడు పురిపడేది. అది దేనిదో మాకెవరికీ తెలియదు.

పని లేనప్పుడు దాన్ని అడ్డంగా ఉంచేవాళ్లం. ఒక ఉదయం పేడ తీయడానికి వెళ్తే నిలువుగా ఉంది. ఆవు తగిలిందేమో అనుకుని మళ్లీ అడ్డంగా తిప్పాను. ఆ వారంలోనే మామగారు పోయారు.

ఆరేళ్ల తర్వాత మళ్లీ అలాగే నిలబడింది. నాలుగో రోజున అత్తగారు పోయారు. అప్పుడు దాన్ని అడ్డంగా తిప్పి, పక్కనున్న గుంజకు తాడుతో కట్టేశాను.

పోయిన ఏడాది మా ఆయన గుండె ఆపరేషనుకు డాక్టరు రోజు పెట్టారు. మర్నాడు చూస్తే పంకా నిలబడి ఉంది. నేను వేసిన ముడి వేసినట్టే ఉంది. తాడు మాత్రం తెగేటంతగా బిగిసింది.

మా ఆయన నవ్వారు. "ఏటే, సెక్కకి కూడా బయపడతన్నావా? నాను పోతే తాళ్లు ఎవులు పేన్తారని అదే ఏడస్తన్నాదేమో!"

కాల్చేయడానికి నాకు చేతులు రాలేదు. ఊరి వడ్రంగి చూసి, ఇది విమానం ముందుండే పంకాలా ఉందన్నాడు. ఎవరిదో తెలిస్తే వాళ్లకే ఇచ్చేద్దామనుకున్నాను. విమానాల వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మాస్టారు ఒకరు ఎచ్చెర్లలో ఉన్నారంటే ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్లాను. రెండు చావుల మాట ఆయనకు చెప్పలేదు.

ఆయన కిరసనాయిలుతో తుడిస్తే బొడ్డు చుట్టూ అచ్చుకొట్టిన రాత బయటపడింది. యాభై దాటాక చదువు నేర్చినదాన్ని, అంకెలు నేను చదివాను. ఇంగ్లీషు అక్షరాలు ఆయన చదివి, పుస్తకాలు తిరగేశారు. ఇంగ్లండులో చేసిందట. పొరలు పొరలుగా అతికిన మహాగని చెక్క. యుద్ధకాలంలో విమానం నడపడం నేర్పే చిన్న విమానాలకు ఇలాంటివి బిగించేవారట.

"దీంతో ఎవులైనా సచ్చిపోయారా బాబూ?" అని అడిగాను.

"నేదమ్మా. బోల్టు కన్నాల సుట్టూ సూడు, బిగించిన మచ్చే నేదు. స్పేరుగా వచ్చుంటాది. ఒక్కసారైనా ఎగరని పిట్ట ఇది!"

దాన్ని ఒక కడ్డీకి ఎక్కించి ఏటవాలుగా వదిలారు. అలాగే ఆగింది. నిలువుగా, అడ్డంగా, ఎలా వదిలినా అలాగే ఆగింది. "తూకం సూసి సేసినది. వదిలిన కాడే ఉంటాది" అన్నారు.

చచ్చినవాడి ఊసే లేదని తెలిశాక నా భయం ఇంకా పెరిగింది. ఇక దీన్ని ఎవరికి ఇవ్వాలి?

కొలతలు తీసుకుంటాను, పది రోజులు ఉంచమని ఆయనే అడిగారు. మాట పూర్తికాకముందే సరేనన్నాను.

ఆపరేషను బాగా జరిగింది. మేము ఇంటికొచ్చిన రెండో రోజు పొద్దున్నే మాస్టారి భార్య ఫోను చేశారు.

"అమ్మా, మీ పంకా ఆ కడ్డీకే అడ్డంగా పెట్టుకున్నాం. ఇప్పుడు సూస్తే నిలువుగా ఉన్నాది. ఈయనేమో నాను ముట్టుకోనేదంతన్నారు. మీ ఇంటికాడ ఎప్పుడైనా అలగ తిరిగిందేటి?"

మా ఆయన పక్కనే మంచం మీద కూర్చుని జావ తాగుతున్నారు.

"నేదమ్మా" అన్నాను.

ఆ ఫోను వచ్చిన అయిదో రోజు మాస్టారు పోయారు. ఏ జబ్బూ లేని మనిషట.

ఎగరని, ఎవరినీ చంపని చెక్క ఎందుకు తిరుగుతుందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. నేను నిజం చెప్పి ఉంటే ఆయన బతికేవారా అన్నదీ తెలియదు. పంకా తీసుకెళ్లమని ఆవిడ అప్పుడప్పుడూ ఫోను చేస్తారు. వస్తానంటాను. ఇంతవరకూ వెళ్లలేదు.

ఆ ఇంట్లో ఇప్పుడు ఆవిడ ఒక్కరే ఉంటున్నారు.