నా పేరు మీద పొద్దుటి పని

నరసరావుపేట కోర్టు ఎదురు సందులో పదకొండేళ్ళు జాబ్ టైపింగ్ చేశాను. పిటిషన్లు, అఫిడవిట్లు, దస్తావేజుల నకళ్ళు రోజూ నా చేతుల మీదుగా పోయేవి. ఆ పనిలో ఉన్నవాళ్ళకి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎవరు ఏ కాగితం ఇచ్చినా ముందు వెనక్కి తిప్పి చూస్తాం. రెండో పేజీ మొదటి పేజీతో పాటే పుట్టిందా, మధ్యలో ఎవరైనా చేర్చారా అని పిన్ను చిల్లులు చూస్తాం. గురజాల దగ్గర్నుంచి వచ్చిన ఒకాయన, అన్న రాసిచ్చిన పంపకాల కాగితంలో మధ్య పేజీ మారిపోయిందని నా బల్ల ముందే కూలబడిపోయాడు. ఆ తర్వాత నేను పాల ప్యాకెట్టు మీద తేదీ కూడా రెండుసార్లు చదవడం మొదలుపెట్టాను.

కోర్టు పనులు మెల్లగా ఆన్‌లైన్‌కి ఎక్కాయి. టైపింగ్ తగ్గింది. నలభైకి దగ్గరపడ్డ వయసులో మూడు నెలల కోర్సులో చేరి వెబ్ డిజైనింగ్ నేర్చుకున్నాను. సత్తెనపల్లి రోడ్డులో మందుల షాపు పైన ఒక గదిలో చిన్న ఆఫీసు ఉంటే అక్కడ పని దొరికింది. స్కూళ్ళకీ లాడ్జీలకీ కోల్డ్ స్టోరేజీలకీ వెబ్‌సైట్లు చేసే ఆఫీసు అది. పెట్టినతను ఎడ్లపాడు మనిషి, నాకంటే పదేళ్ళు చిన్న. మొదటి వారం "సార్" అంటే, "సార్ ఏందక్కా, తమ్ముడూ అనండి" అన్నాడు. ఎక్కువ రోజులు గుంటూరులోనే ఉండి, వారానికి రెండుసార్లు వచ్చేవాడు.

నాకు పొద్దున కోర్టు దగ్గర పని ఇంకా ఉంది. అందుకని ఆఫీసుకి మధ్యాహ్నం ఒంటిగంటకి వెళ్ళేదాన్ని. అదే కంప్యూటర్ మీద పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా ఇంకో అమ్మాయి పని చేసేది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. వాళ్ళ నాన్నకి మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉంది. మధ్యాహ్నం నుంచి ఆ అమ్మాయి ఒక స్కూల్లో కంప్యూటర్ క్లాసులు చెప్పేది. మేమిద్దరం కలిసేది మెట్ల మీదే. నేను ఎక్కుతుంటే తను దిగుతూ "ఫ్యాను కట్టేయలేదు ఆంటీ" అనో, "తాళం బల్ల మీద పెట్టా" అనో అనేది. అంతే.

మొదటి రోజే అతను నాకు గిట్ అనే దాన్ని చూపించాడు.

"మనం ఏ ఫైల్లో ఏం మార్చినా ఇది రాసుకుంటదక్కా. ఎవరు మార్చారు, ఎన్నింటికి మార్చారు, అన్నీ ఉంటయ్. పాతది కావాలంటే వెనక్కి పోయి తెచ్చుకోవచ్చు."

"అంటే నేను తప్పు చేసినా ఉంటదా?"

"ఉంటది. అందుకే గదా మంచిది."

నాకు మంచిగా అనిపించలేదు. నా వెనక నిలబడి ఎవరో పుస్తకంలో ఎక్కిస్తున్నట్టు ఉంది. ముందు మీ పేరు, మెయిలు ఇవ్వండి అన్నాడు. అతను చెప్పిన కమాండ్లు ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాను. అది తీసుకుని ఊరుకుంది. అందిందనో, చాలనో ఒక్క మాట లేదు. సంతకం పెట్టించుకుని రసీదు ఇవ్వని మనిషిని చూస్తే ఎట్లా ఉంటుందో అట్లా అనిపించింది.

ఇంకా ఏదో చెప్పాడు. ఒక స్కూలు వెబ్‌సైటు పని వచ్చింది, అందులో నాది బస్సుల బ్రాంచి, ఆ అమ్మాయిది మెనూ బ్రాంచి, కూర్చోగానే ఎవరి బ్రాంచిలోకి వాళ్ళు మారాలి అన్నాడు. బ్రాంచి అంటే బ్యాంకు బ్రాంచి తప్ప నాకు ఇంకేం తెలియదు. తల ఊపాను. తెలియలేదని చెప్పడానికి సిగ్గేసింది.

మొదటి వారం ఆ గిట్‌తో పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. చేసిన పనిని భద్రం చేయడాన్ని కమిట్ అంటారు. ఒకరోజు కమిట్ చెయ్యబోతే తెర అంతా నల్లగా అయిపోయి, పక్కన వరసగా వింత గుర్తులు వచ్చాయి. ఏం నొక్కినా బయటికి రాలేదు. ఎవరైనా లోపలికి దూరారేమోనని భయపడి గోడ మీద స్విచ్ ఆపేశాను. అది కమిట్‌కి కారణం రాయమని అడుగుతున్న పేజీ మాత్రమేనని తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం దాన్ని అసలు నమ్మకూడదని తీర్మానించుకున్నాను. సాయంత్రం పోయేముందు నా ఫైళ్ళన్నీ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకుని పర్సులో వేసుకోవడం అలవాటు చేసుకున్నాను.

నా పని స్కూలు బస్సుల పట్టిక. నాదెండ్ల వైపు ఏ బస్సు, ఎడ్లపాడు వైపు ఏ బస్సు, ఏ ఊళ్ళో ఎన్నింటికి ఆగుతుంది, ఇవన్నీ గళ్ళలో అందంగా కూర్చాలి. మూడు రోజులు కష్టపడి చేశాను. నాలుగో రోజు మధ్యాహ్నం తెరిస్తే పట్టిక లేదు. ఫైలు ఉంది, లోపల గళ్ళు లేవు. నా ఊళ్ళన్నీ పోయాయి.

కుర్చీ ఎత్తు మారి ఉంది. నేను మూసి వెళ్ళిన కిటికీ తెరిచి ఉంది. ఆ గదిలో నా తర్వాత కూర్చున్నది ఒక్క మనిషి.

పెన్ డ్రైవ్‌లో ఉన్నవన్నీ తెచ్చి, ఫోల్డర్లో ఉన్న వాటి మీద పరిచేశాను. పట్టిక వచ్చింది. "మళ్ళీ పెట్టాను" అని కారణం రాసి కమిట్ చేశాను. మరుసటి రోజు చూస్తే మళ్ళీ లేదు. మళ్ళీ పరిచాను. ఆ మర్నాడూ అంతే. ఆరేడు రోజులు ఇట్లాగే నడిచింది. మెట్ల మీద ఆ అమ్మాయి నా ముఖం చూడడం మానేసింది. తప్పు చేసింది కాబట్టే చూడట్లేదని అనుకున్నాను.

"పోయి అడగరాదూ ఆ పిల్లని?" అన్నాడు మా ఆయన, నేను అన్నం ముందు కూర్చుని అదే గొణుగుతుంటే.

"అడిగితే జాగ్రత్త పడిద్ది" అన్నాను.

నోటు పుస్తకం పెట్టాను. సాయంత్రం నేను లేచేటప్పుడు ఏ ఫైల్లో ఎన్ని వరసలున్నాయి, మర్నాడు కూర్చునేటప్పుడు ఎన్ని ఉన్నాయి, తేదీ వేసి ఎక్కించాను.

ఈ మధ్యలో ఒకటి జరిగింది. దాన్ని చెప్పకుండా దాటేస్తే అబద్ధం ఆడినట్టే. అతను ఒకరోజు ఫోన్లో ఆ స్కూలు సైటు తెరిచి చూపిస్తూ, "మెనూ అదరగొట్టారక్కా. ఆ అమ్మాయికిచ్చిన పనైనా, లాగులో చూశా, మీ పేరు మీదుంది. చానా నీట్‌గా వచ్చింది" అన్నాడు. లాగు అంటే ఎవరెప్పుడు ఏం చేశారో గిట్ రాసుకున్న చిట్టా. ఆ మెనూ నేను చెయ్యలేదు. వేలితో తాకితే సైటులోని పేజీల పేర్లతో పక్కకి జారుతూ తెరుచుకునే ఆ మెనూ ఎట్లా చెయ్యాలో కూడా నాకు తెలియదు. "ఏదో తమ్ముడూ" అన్నాను. ఆ మాట అబద్ధం కాదు, నిజమూ కాదు. అతను పొరపాటు పడ్డాడులే, దిద్దుకుంటాడులే అని మనసుకి చెప్పుకున్నాను.

పదో రోజో ఏమో, నాకు అలవాటైన పని చేశాను. ఫిర్యాదు టైపు చేశాను. తేదీల వారీగా, పేరాలకు అంకెలు వేసి, ఫలానా ఫలానా రోజుల్లో ఉదయం పూట నా పని దురుద్దేశంతో తొలగించబడినది అని రాసి, ప్రింటు తీసి అతని చేతికిచ్చాను. అతను నిలబడే చదివాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని లాగు తెరిచాడు.

"అక్కా, మీ పట్టిక తీసేసింది మీరే అని ఉంది."

వంగి చూశాను. తీసేసిన ప్రతిచోటా నా పేరే. నా ఇంటిపేరుతో సహా. పక్కనే ఉన్న టైము చూశాను. పొద్దున తొమ్మిది నలభై.

"ఆ టైముకి నేను కోర్టు సందులో ఉన్నా. పది మంది సాక్ష్యం చెప్తారు. ఆ అమ్మాయి నా పేరు దొంగిలించింది తమ్ముడూ. ఇది ఫోర్జరీ."

అతను ఫోన్ చేసి ఆ అమ్మాయిని రమ్మన్నాడు. క్లాసు మధ్యలోంచి వచ్చినట్టుంది, చున్నీ మీద చాక్‌పీసు పొడి ఉంది. నా కాగితం చదివింది. ముఖం ఎర్రబడింది. ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. అందులో అన్నీ ఫోటోలు. రోజూ ఒంటిగంటకి లేచేముందు తీసిన కంప్యూటర్ తెర ఫోటోలు.

"నేనూ రాసి పెట్టుకున్నా ఆంటీ. నా మెనూ రోజూ మధ్యాహ్నం పూట తుడిచేసేది ఎవరు? నేను పొద్దున తిరిగి తెచ్చుకోవడం, మీరు తుడిచేయడం. నేను చేసిన పనంతా మీ పేరు మీద ఎట్టా పడుతుంది? దొంగతనం ఎవరు చేశారు?"

"నీ మెనూ నేను ముట్టుకోలా!"

"ముట్టుకోలా? ఇదిగో చూడండి."

అతను మా ఇద్దరినీ ఆగమని చెయ్యి ఎత్తి, లాగుని కిందికి జరుపుతూ పోయాడు. నేను చేరిన రోజు దాకా వెళ్ళాడు. దానికి ముందంతా ఆ అమ్మాయి పేరు. ఆ రోజు నుంచి అంతా నా పేరు. పొద్దున చేసినా, మధ్యాహ్నం చేసినా నా పేరే. కాసేపు అట్లాగే చూసి నుదురు రుద్దుకున్నాడు.

"తప్పు నాదే. ఈ కంప్యూటర్లో ముందు ఈ అమ్మాయి పేరుండేది. మొదటి రోజు మీ పేరు కొట్టించా గదా, అది పోయి మీది వచ్చింది. ఎవరు కూర్చున్నా మీ పేరే పడుతుంది. ఇద్దరికీ వేరువేరు లాగిన్లు పెట్టాల్సింది, మర్చిపోయా."

తర్వాత మిగతా ముడి విప్పాడు. బ్రాంచి అంటే ఒకే సైటుకి ఎవరి నకలు వాళ్ళకి విడిగా ఉంచడమట. మొదటి మూడు రోజులు అతను తెరిచి ఇచ్చిన నా బ్రాంచే ఉంది. నాలుగో రోజు మెనూ పని మొదలుపెట్టాక, పొద్దున ఆ అమ్మాయి తన మెనూ బ్రాంచిలోకి మారేది. నేను వచ్చి నా బ్రాంచిలోకి మారకుండానే కూర్చునేదాన్ని. ఆమె బ్రాంచిలో నా పట్టిక ఎందుకుంటుంది? లేదని నేను పెన్ డ్రైవ్‌లోని పాత ఫైళ్ళు తెచ్చి ఆమె పని మీద పరిచేదాన్ని. మెనూ పోయేది. మర్నాడు ఆమె తన మెనూ వెనక్కి తెచ్చుకుంటే నా పట్టిక పోయేది. అతను ఒక్క వరస కొట్టి నా బ్రాంచిలోకి మారాడు. బస్సుల పట్టిక, నాదెండ్ల, ఎడ్లపాడు, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. మొదటి మూడు రోజులు నేను భద్రం చేసింది చేసినట్టే ఉంది.

చూసి సంతోషించాల్సింది. ఇన్నాళ్ళూ ఇది ఎక్కడ దాక్కుందని దాని మీదే కోపం వచ్చింది. ఆ తర్వాత వచ్చిన సిగ్గుకి ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు. నా ఫిర్యాదు కాగితం బల్ల మీద అట్లాగే ఉంది, "దురుద్దేశంతో" అన్న మాట పైకి కనపడేటట్టు.

"నాతో ఒక్కమాట అనొచ్చు గదా అమ్మాయ్" అన్నాను, గొంతు తగ్గించి.

"ఏమని అనాలి? ఆయన మిమ్మల్ని అక్కా అంటాడు. మీరిద్దరూ చుట్టాలనుకున్నా. నా పని మీ పేరు మీద రాయించి నన్ను పంపించేస్తారనుకున్నా."

అతను తెల్లబోయాడు. "నేను అందర్నీ అక్కా అంటా గదమ్మా!"

చివరికి అతను, "పాత లాగులో పేర్లు మార్చేయొచ్చు. పొద్దుటి పనంతా ఈ అమ్మాయి పేరు మీదికి తిప్పేస్తా" అన్నాడు.

చప్పున తల ఎత్తాను. "మార్చొచ్చా? మరి మొదటి రోజు అన్నీ ఉండిపోతాయన్నారు?"

"మార్చొచ్చక్కా. మార్చకూడదు, కానీ మార్చొచ్చు."

"అయితే వద్దు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో దస్తావేజులో తప్పు పడితే దాన్ని చించి మళ్ళీ రాయరు. సవరణ దస్తావేజు అని ఇంకోటి రాసి జత చేస్తారు. పాతదీ ఉంటది, తప్పని ఒప్పుకున్నదీ ఉంటది. అట్టా చేద్దాం."

అమ్మాయి నా వంక మొదటిసారి తిన్నగా చూసింది. నేను కూర్చుని కమిట్‌కి కారణం రాసే చోట తెలుగులో టైపు చేశాను. నేను చేరిన రోజు నుంచి నేటి వరకు మధ్యాహ్నం ఒంటిగంటకు ముందు నా పేరు మీద నమోదైన పని యావత్తూ నాది కాదు, మెనూతో సహా అది పొద్దున పని చేసిన అమ్మాయిది అని ఆమె పేరు రాశాను.

ఆమె రెండుసార్లు చదివింది. "మెనూ తుడిచింది మీరే అని కూడా రాయండి ఆంటీ."

రాశాను.

అంతటితో స్నేహమేమీ కుదరలేదు. వేరువేరు లాగిన్లు వచ్చాయి. మెట్ల మీద మాట్లాడుకుంటున్నాం, అంతవరకే. నెల తర్వాత విజయపురి సౌత్‌లో ఒక లాడ్జికి సైటు చేసే పని వచ్చి, ఫోటోలు తీసుకురమ్మని అతను ఇద్దర్నీ పంపాడు. బస్సులో మాచర్ల దాకా ఆ అమ్మాయి కిటికీలోంచి చూస్తూనే ఉంది. మాచర్లలో బస్సు ఆగినప్పుడు జామకాయలు కొని, ఒకటి నాకిచ్చి అడిగింది.

"మెనూ బాగుందని ఆయన అన్నప్పుడు, నాది కాదని ఎందుకు అనలేదు ఆంటీ?"

జామకాయ చేతిలో తిప్పుతూ కూర్చున్నాను. బస్సు కదిలాక చెప్పాను.

"వినడానికి బాగుందమ్మా. పదకొండేళ్ళలో ఎవరూ నా టైపింగ్ బాగుందనలా. తప్పులుంటే మాత్రం చెప్పేవాళ్ళు."

"బాగుందని ఆయన నాతో ఇంతవరకూ అనలా" అంది తర్వాత. "అది నాదని తెలిసినాక కూడా అనలా."

లాడ్జిలో ఆమె నది వైపు ఫోటోలు తీసింది, నేను గదులు తీశాను. ఆ వారం అతను ఆఫీసుకి వచ్చినప్పుడు పక్కకి పిలిచి ఆమె అన్న మాట చెప్పాను. పాపం, వెంటనే ఆ అమ్మాయికి ఫోన్ చేసి మెనూ చాలా బాగా వచ్చిందని రెండు నిమిషాలు మెచ్చుకున్నాడు.

మర్నాడు మెట్ల మీద ఎదురైంది.

"మీరు చెప్తే అన్నాడు గదా?"

"అవును."

"అనుకున్నా" అని కిందికి దిగిపోయింది.