ప్యాకెట్ వెనక చదివిన ఉప్పు

కళింగపట్నంలో మా అమ్మ చేపలకు ఉప్పు పట్టించి, ఎండబెట్టి అమ్మేది. ఎండిన చేపను గోటితో గిల్లి, ముక్క నాలుక మీద పెట్టుకుని ఉప్పు చాలిందో లేదో చెప్పేసేది. ఎప్పుడూ తప్పింది లేదు.

నేను శ్రీకాకుళంలో డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా ఆమె కిడ్నీలు దెబ్బతిన్నాయని తేలింది. ఉప్పు బాగా తగ్గించాలి, రోజుకు ఇంతని హద్దు దాటకూడదు, ఎండుచేప ముట్టుకోకూడదు అన్నాడు డాక్టరు. అమ్మ మానేసింది. కానీ చప్పటి చోడి అంబలి, అదే రాగి జావ, ఆమెకు గొంతు దిగేది కాదు. రెండు గుక్కలు తాగి గిన్నె పక్కన పెట్టేసేది. చిక్కిపోతుంటే చూడలేక, నంజుకోవడానికి దుకాణంలో మిక్చర్ ప్యాకెట్ కొన్నాను.

కొనే ముందు వెనకాల పోషకాల పట్టిక చదివాను. సోడియం అంటే ఉప్పు లెక్కేనని మా వీధిలో తెలిసింది నాకొక్కదానికే. ఆ గర్వం ఒకటి. అంకె చిన్నదే, డాక్టరు చెప్పిన హద్దు దాటలేదు.

అమ్మ నాలుగు పలుకులు నోట్లో వేసుకుని ఆగింది. "ఉప్పు గట్టిగానే ఉన్నాదే. సరిగ్గా సూసినావా?" అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. అచ్చేసినవాళ్లకన్నా నీ నాలుకకు ఎక్కువ తెలుసా అన్నాను. ఆమె మిగతా పలుకులు నంజుకుంటూ అంబలి తాగేసింది. ఆ రోజు నుంచి రోజుకో ప్యాకెట్ అయిపోయేది. అంబలి తాగుతోంది కదా అని సంబరపడ్డాను.

రెండు నెలలకు కాళ్లు వాచాయి, ఆయాసం పట్టుకుంది. ఆసుపత్రిలో పథ్యం చెప్పే ఆవిడ ఏం తింటోందని అడిగితే, సంచిలోంచి ప్యాకెట్ తీసి ధీమాగా చేతికిచ్చాను. ఆవిడ పట్టిక పైనున్న సన్నటి అక్షరాల మీద వేలు పెట్టింది. ఆ అంకె ప్యాకెట్ మొత్తానికి కాదు, ఒక్క గుప్పెడుకు. ప్యాకెట్‌లో అలాంటి గుప్పెళ్లు ఐదు. అంకె చదివాను గానీ, అది ఎంత తిండికో చదవలేదు.

డయాలసిస్ మొదలైంది. జబ్బు ముందే ముదిరిందని, ఇవాళ కాకపోతే రేపైనా ఇది తప్పేది కాదని డాక్టరు అన్నాడు. నేను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. మంచం పక్కన కూర్చుని జరిగింది అమ్మకు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిట్టాలనే కోరుకున్నాను.

"పోన్లే, బెంగెట్టుకోకు," అంది.

కాసేపటికి ఆసుపత్రివాళ్లు ఇడ్లీ పెట్టారు. అమ్మ పొద్దున్నుంచి ఏమీ తినలేదు. ప్లేటు నా వైపు జరిపి, "ఇది తినొచ్చునేటమ్మా? నువ్వు సెప్తే తింటాను," అంది.

నేను చెప్పేదాకా ఆమె ముట్టుకోలేదు.