వియ్యంకుడికి అడ్డమొచ్చిన పాస్‌వర్డ్

నందిగామలో నేను పనిచేసిన డిగ్రీ కాలేజీని ఎవరైనా మెచ్చుకుంటే ఈ రోజుకీ నాకు ఒళ్ళు మండుతుంది. రెండు వేల దశకం చివర్లో, ల్యాప్‌టాప్‌లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న రోజుల్లో, అక్కడ కంప్యూటర్ ల్యాబ్ చూసేవాణ్ణి. రోజూ జగ్గయ్యపేట నుంచి బస్సులో వెళ్ళి వచ్చేవాణ్ణి.

ఆఫీసు గదిలో వైర్‌లెస్ ఇంటర్నెట్ పెట్టించారు. దానికి తాళమంటూ లేదు. ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నవాళ్ళు కూడా వాడుకునేవాళ్ళు. అలా తెరిచి వదిలేసిన కనెక్షన్ల నుంచి ఎవరెవరో బెదిరింపు మెయిళ్ళు పంపుతున్నారని ప్రభుత్వం నిబంధన తెచ్చింది. అందరూ ఎన్‌క్రిప్షన్ పెట్టుకోవాలి, అంటే గాలిలో పోయే సమాచారం పాస్‌వర్డ్ లేనివాడికి అర్థం కాని రూపంలో పోవాలి. ఆ పాస్‌వర్డ్ ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వకూడదు. ఒక మనిషి బాధ్యత తీసుకుని సంతకం పెట్టాలి. టెలిఫోన్ ఆఫీసు నుంచి ఆ కాగితం రాగానే కాలేజీ నడిపే మా కరస్పాండెంటు చదవకుండానే నా ముందుకు తోశాడు. పెట్టాను. ఇక ఏదైనా జరిగితే పోలీసులు వచ్చేది నా ఇంటికే.

ఆ సాయంత్రమే ఎన్‌క్రిప్షన్ పెట్టాను. లెక్చరర్ల ల్యాప్‌టాప్‌లలో పాస్‌వర్డ్ నేనే కొట్టి ఇచ్చేవాణ్ణి, నోటితో చెప్పేవాణ్ణి కాదు. బ్యాంకు మేనేజరులా పోజు కొడుతున్నానని స్టాఫ్ రూములో నవ్వుకున్నారు. ఎవరు ముందు నవ్వారో నాకు గుర్తుంది.

ఒకరోజు ముక్త్యాల నుంచి కరస్పాండెంటు వియ్యంకుడు వచ్చాడు. సిమెంటు లారీలు తిప్పే మనిషి, చంకలో కొత్త ల్యాప్‌టాప్. కాఫీ ఇచ్చారు, ఫ్యాను ఆయన వైపు తిప్పారు, ఆ మర్యాదల్లోనే పాస్‌వర్డ్ కూడా ఇమ్మని నాతో అన్నారు. ల్యాప్‌టాప్ ఇటివ్వండి, నేను కొడతానన్నాను. ఆయన మూత మూసేశాడు.

"ఏంటి బావగారూ, మీ దగ్గరకొస్తే నన్ను దొంగలా చూస్తున్నాడు మీవాడు."

కరస్పాండెంటు ముఖం మాడిపోయింది. "తీసెయ్యవయ్యా ఆ తాళం. బావగారు వెళ్ళాక మళ్ళీ వేసుకుందువుగాని."

"సంతకం నాదండి," అన్నాను.

"జీతం నాది," అన్నాడాయన.

నేను తియ్యలేదు. ఫిజిక్స్ లెక్చరరు పరిగెత్తుకొచ్చి, ఇంటర్నెట్ పెట్టె వెనక చిన్న రంధ్రంలో పిన్నీసు గుచ్చి నా సెట్టింగులన్నీ చెరిపేశాడు. ఇంటర్నెట్ మళ్ళీ వచ్చేలా చేసి, తాళం మాత్రం వెయ్యకుండా వదిలేశాడు. వియ్యంకుడు వెళ్ళాక వేద్దామంటే పెట్టె ముట్టుకోవద్దన్నారు. ఆయన మళ్ళీ వస్తాడట.

ఆ వారంలోనే టెలిఫోన్ ఆఫీసు ఉద్యోగి తనిఖీకి వచ్చి, వరండాలో నిలబడి పాస్‌వర్డ్ లేకుండానే కనెక్ట్ అయ్యాడు. బాధ్యులెవరని అడిగాడు. కరస్పాండెంటు నన్ను చూపించి, "మావాడు కాస్త మతిమరుపు మనిషండి, ఏమనుకోకండి" అన్నాడు.

నాకు మతిమరుపు. తాళం తీసిన ఫిజిక్స్ లెక్చరరు ఆ పక్కనే నిలబడి బిస్కెట్లు అందిస్తున్నాడు. ఎవరు తీశారో, ఎవరు తీయమన్నారో అక్కడే చెప్పాను. వచ్చినాయన బిస్కెట్టు నములుతూ, మర్నాటికల్లా తాళం పడకపోతే కనెక్షన్ తీసేస్తామని నాకే చెప్పాడు.

మళ్ళీ పెట్టాను. కరస్పాండెంటు కాబట్టి పాస్‌వర్డ్ ఆయనొక్కడికే చెప్పాల్సి వచ్చింది. సోమవారం వచ్చేసరికి గేటు దగ్గర ‘స్వాగతం’ బోర్డు కింద నా పాస్‌వర్డ్ ఎర్ర రంగుతో రాసి ఉంది. పెయింటరును పిలిపించి మరీ రాయించారు. వచ్చినవాళ్ళు అడగలేక చిన్నబుచ్చుకోకూడదట.

అడిగితే కరస్పాండెంటు విసుక్కున్నాడు. "తాళం వెయ్యమన్నారు, వేశాం. తాళంచెవి ఎక్కడ పెట్టుకోవాలో కూడా గవర్నమెంటే చెప్తుందా?"

పాస్‌వర్డ్ మారిస్తే మళ్ళీ పెయింటరును పిలుస్తాడు. మధ్యాహ్నం టెలిఫోన్ ఆఫీసుకు నడిచి వెళ్ళి, నా పేరు తీసెయ్యమని రాసిచ్చాను. బిస్కెట్లు తిన్నాయనే కూర్చుని ఉన్నాడు. మరెవరి పేరు రాయమంటారని అడిగాడు.

"బోర్డు మీద రంగు వేయించినాయన పేరు రాసుకోండి," అన్నాను.

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. నా పేరు కొట్టేసి స్టాంపు వేసేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

మర్నాడు నన్ను ల్యాబ్ నుంచి తప్పించి, పరీక్ష పేపర్లు కట్టలు కట్టే గదిలో కూర్చోబెట్టారు. ల్యాబ్ ఫిజిక్స్ లెక్చరరుకు అప్పగించారు. కొత్త కాగితం మీద సంతకం కూడా ఆయన్నే పెట్టమన్నారు. పెట్టేముందు ఆయన నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏమీ కాదుగా మేష్టారూ?"

నేను కట్టకు ముడి వేసుకుంటూ కూర్చున్నాను.