నూరీ గిట్టలు మళ్లీ పెరిగిన ఏడాది

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో, ఒక కాలనీ ప్రహరీ బయట చోటే మియా రేకుల షెడ్డు ఉంది. అందులో ఒకే గుర్రం, తెల్లది, పేరు నూరీ. పేట్ బషీరాబాద్ దాకా ఏ ఫంక్షన్ హాల్లో బరాత్ కదలాలన్నా నూరీ రావాల్సిందే. చోటే మియా తాతల నాటి నుంచీ నాల్‌బంద్, అంటే గుర్రాలకు లాడాలు కొట్టేవాడు. చుట్టుపక్కల వేరే గుర్రాలు లేవు కాబట్టి తన గుర్రానికి తానే కొట్టుకుంటూ వంశ గౌరవం నిలబెడుతున్నాడు.

గోడకు అవతల యజ్ఞనారాయణ గారు. కాకినాడలో బ్యాంకు ఉద్యోగం ముగించుకుని వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. కాలనీ సంఘానికి అధ్యక్షులు. మనవరాలు సాయిప్రియ పరీక్ష గట్టెక్కితే హయగ్రీవస్వామికి నైవేద్యం పెడతానని మొక్కుకున్నారు. గుర్రపు తల ఉన్న ఆ స్వామి చదువులకు అధిపతి. ఆయనకు ప్రీతి శనగపప్పు, బెల్లం, నెయ్యి కలిపి వండిన ప్రసాదం. పిల్ల గట్టెక్కింది. గోడ పక్కనే సజీవంగా గుర్రం ఉండగా గుడి వెతుక్కోవడం దేనికని, ఒక గురువారం పళ్లెం తెచ్చి నూరీ ముందు పెట్టారు. మరుసటి గురువారానికి పరీక్షలు రాసే పిల్లలున్న ఇళ్లన్నీ పళ్లేలతో కదిలాయి. పిల్లలను కోచింగులకు తోలడమే ముఖ్య వ్యాపకంగా ఉన్న కాలనీ అది.

చోటే మియా వద్దనలేదు. ప్రసాదాన్ని ఎవరు వద్దంటారు? పైగా దాణా మిగిలింది.

ఆరో గురువారం మర్నాడు నూరీ ఉన్న చోటు నుంచి కదల్లేదు. ముందుకాళ్లు చాపి, బరువంతా వెనక్కి వేసి నిలబడింది. గిట్టలు తాకితే పెనంలా కాలుతున్నాయి. చోటే మియాకు తెలిసిన వైద్యం ఒకటే. కొత్త లాడాలు కొట్టాడు. ఒక్కో మేకుకు నూరీ ఒళ్లంతా వణికింది. రెండో రోజుకు కూలబడింది.

పశువైద్యుడు వచ్చి చూశాడు. గిట్ట లోపలి ఎముకను పై గిట్టకు అంటిపెట్టి ఉంచే పొర వాచి, పట్టు వదిలేస్తోందన్నాడు.

"పప్పు, బెల్లం ఎవరు పెట్టిన్రు దీనికి? ముందుగాల గా లాడాలు పీకు."

"లాడాలు లేకుంటే గుర్రం నడుస్తదా సార్?"

"ఉంటే సస్తది."

నొప్పికి మందిచ్చాడు. నిలబెట్టేది మాత్రం ఆకురాయేనన్నాడు. నాలుగు వారాలకోసారి గిట్ట మడమ తగ్గించాలి, ముందుకు సాగిన కొన అరగదీయాలి, అడుగు భాగం మాత్రం పలచబడకూడదు. కొత్త గిట్ట పైనుంచి నెలకు చిటికెన వేలి గోరంత దిగుతుంది. పాతది పూర్తిగా పోవడానికి ఏడాది. అప్పటిదాకా నానబెట్టిన ఎండుగడ్డే తిండి. ఇంకోసారి జబ్బు తిరగబెడితే ఎముక అడుగు చీల్చుకుని బయటికొస్తుంది, అప్పుడు మిగిలేది ప్రాణం తీసే సూది ఒక్కటే.

ముప్పై ఏళ్లు మేకులు దిగ్గొట్టిన చెయ్యి ఆ రోజు మేకులు పీకింది.

"మా నాయిన ఖబర్‌లకెల్లి లేచొస్తడు ఇగ," అన్నాడు చోటే మియా.

"రానీ," అంది అతని భార్య షహజాది బేగం, నూరీ కాలు ఒడిలో పెట్టుకుని. "ఆయనకో ఆకురాయి ఇద్దం."

నూరీ అవస్థ చూసి కాలనీ కరిగిపోయింది. కరిగిన కాలనీ పళ్లేలు రెట్టింపు చేసింది.

"పాపం, బాగా నీరసించిందండీ మియా గారూ," అన్నారు యజ్ఞనారాయణ గారు. "ఈసారి నెయ్యి కాస్త దండిగా వేయించాను."

"సారూ, గదే దాన్ని సంపుతాంది. మీ కాళ్లు మొక్కుత, పెట్టకుర్రి."

"ప్రసాదానికి రోగమా? అపచారం! అది దిష్టండీ."

గుర్రానికి ఏమీ పెట్టొద్దని చోటే మియా గోడకు బోర్డు కట్టాడు. భక్తులు బోర్డు కిందే పళ్లేలు పెట్టి వెళ్లారు. రెండోసారి ఆకురాయి పట్టే వేళకు కొత్తగా దిగిన గిట్ట మీద అడ్డంగా ఒక గీత కనిపించింది. జబ్బు తిరగబెట్టబోయి ఆగిన గుర్తు అది. చోటే మియా ఆకురాయి కింద పెట్టి తల పట్టుకున్నాడు.

షహజాది బేగం లేచి నేరుగా గోడ దగ్గరికి నడిచింది.

"సారూ, నూరీకి షుగరొచ్చింది."

యజ్ఞనారాయణ గారి చేతిలో పళ్లెం గాల్లోనే ఆగింది.

"ఎంతుంది?"

"తినకముందు రెండొందల ఎనభై."

"పరగడుపునే! రామరామ. ఇన్నాళ్లూ చెప్పరేం?"

"రెండొందల ఎనభై ఏందే?" అని తర్వాత మొగుడు అడిగితే, "నా రిపోర్టుల ఉన్నదే చెప్పిన," అంది.

వైద్యశాస్త్రానికి లొంగని కాలనీ షుగర్‌కు లొంగింది. పై గురువారం యజ్ఞనారాయణ గారే గోడ దగ్గర కాపలా నిలబడి పళ్లేలను వెనక్కి తిప్పారు. "బుద్ధుందా అమ్మా? షుగర్ పేషెంటుకి బెల్లమా?" ఆయన సొంతంగా మెంతులూ కొర్రలూ పంపించారు. వాటిని షహజాది బేగం సంతోషంగా తీసుకుని ఇంట్లో వండింది.

నాలుగు వారాలకోసారి శుక్రవారం నమాజు తర్వాత చోటే మియా కూర్చునేవాడు. ఇంత మడమ, ఇంత కొన, అంతకన్నా ఒక్క రవ్వ ఎక్కువ తీసేవాడు కాదు. ఐదోసారికి నూరీ అడగకుండానే కాలిచ్చింది. తొమ్మిదోసారికి షెడ్డు చుట్టూ తిరిగింది. పన్నెండోసారి, జారుతూ జారుతూ నేల అంచుకు వచ్చిన ఆ గీత, చెక్కిన ముక్కతో పాటు రాలిపోయింది. కంకర మీద నడిపించి చూశాడు. తల ఊగలేదు, అడుగు తడబడలేదు.

వారం తిరక్కుండా యజ్ఞనారాయణ గారు శుభలేఖతో వచ్చారు. తమ్ముడి కొడుకు వెంకటసాయి పెళ్లి, గుర్రం మన నూరీయే. కాకినాడ పెళ్లికొడుకు గుర్రమెక్కడం ఏ శాస్త్రంలో ఉందని అడిగే తీరిక ఎవరికీ లేదు. చోటే మియా ఆయన వెంట వచ్చిన పెళ్లికొడుకును కింది నుంచి పైదాకా చూశాడు.

"బాబు బరువెంత?"

"తొంభై ఆరు," అన్నాడు వెంకటసాయి, కొంచెం తగ్గించే.

"కొత్త గిట్టలు సారూ. ఇంకో ఏడాది మనిషినెక్కియ్య."

"మరి బరాతు?"

"నూరీ నడుస్తది. బాబు భీ నడుస్తడు. ఇద్దరికీ మంచిదే."

పెళ్లినాడు బ్యాండు వెనక ఖాళీ జీనుతో నూరీ, నూరీ వెనక షేర్వాణీలో చెమటలు కక్కుతూ పెళ్లికొడుకు. చుట్టాలు అడిగితే, హయగ్రీవుడి మీద మనిషి ఎక్కకూడదనేది తమ ఇంటి ఆచారమని యజ్ఞనారాయణ గారు తడుముకోకుండా చెబుతున్నారు. చోటే మియా మాత్రం తారురోడ్డు గట్టిదని గుర్రాన్ని అంచున మట్టిలోకి దించాడు. పట్టుచీరలు ఎత్తిపట్టుకుని పెళ్లివారంతా ఆ మట్టిలోకే దిగారు.